చేతిలో ఫోనే ల్యాబ్: వైర్‌లెస్ కమ్యూనికేషన్ బేసిక్స్ ఎలా నేర్చుకోవాలి

మొబైల్ కమ్యూనికేషన్స్ సిలబస్ తెరవగానే 1జీ, 2జీ, 3జీ అని ఒక పట్టిక ఎదురొస్తుంది. చాలామంది అక్కడే మొదలుపెడతారు. ఆ పట్టిక బట్టీ కొట్టి, నాలుగు షట్కోణాలు (సెల్స్‌కి గీసే బొమ్మ) గీసి, పరీక్ష గట్టెక్కుతారు. తర్వాత ఇంటర్వ్యూలో ఎవరో "మైనస్ 100 డీబీఎం అంటే ఎన్ని వాట్లు?" అని అడిగితే నోరు పెగలదు. నన్నడిగితే ఆ పట్టికని చివర్లో చదవాలి. ఈ సబ్జెక్టంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: టవర్ నుంచి బయల్దేరిన పవర్‌లో ఫోన్ దాకా ఎంత చేరింది, చేరినది అక్కడున్న చెత్త కంటే ఎంత ఎక్కువగా ఉంది? దీనికి అంకెల్లో జవాబు చెప్పగలిగితే మిగతా యూనిట్లు వాటంతటవే అర్థమవుతాయి.

ఈసీఈ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక నోట్‌బుక్, లాగ్ బటన్ ఉన్న కాలిక్యులేటర్ ఉంటే చాలు. చివరి అడుగుకి మాత్రం కంప్యూటర్ కావాలి.

1. ముందు డీబీ చేతికి అలవాటు చేసుకోండి

డీబీ (డెసిబెల్) అంటే రెండు పవర్ల నిష్పత్తిని లాగ్‌లో చెప్పే కొలత. దీనికి రెండే రెండు గుర్తుపెట్టుకోండి. 10 డీబీ పెరిగితే పవర్ పది రెట్లు. 3 డీబీ పెరిగితే రెండు రెట్లు. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పడం, కాబట్టి 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్.

ఇక కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చేయండి. 46 డీబీఎం అంటే? 40 + 3 + 3. పదివేల మిల్లీవాట్లు, దానికి రెట్టింపు, మళ్లీ రెట్టింపు: 40 వాట్లు. 4జీ టవర్‌లో ఒక ట్రాన్స్‌మిటర్ పవర్‌కి పుస్తకాల్లో ఎక్కువగా తీసుకునే అంకె ఇదే. 23 డీబీఎం అంటే 20 + 3, అంటే 200 మిల్లీవాట్లు. మన 4జీ ఫోన్ గట్టిగా అరిస్తే మామూలుగా అంతే. 37 డీబీఎం అంటే 40 − 3, అంటే 5 వాట్లు. మరి −100 డీబీఎం? ఒక మిల్లీవాట్‌లో వెయ్యి కోట్ల వంతు. ఆ కాస్త పవర్‌తోనే మీ ఫోన్ వీడియో ఆడిస్తోంది. ఇది ఒకసారి తలకెక్కితే రిసీవర్ డిజైన్ ఎందుకంత కష్టమో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త. డీబీఎంకి డీబీ కలపొచ్చు, తీసేయొచ్చు. డీబీఎం లోంచి డీబీఎం తీస్తే వచ్చేది డీబీ. కానీ డీబీఎంకి డీబీఎం కలపకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు −90 డీబీఎం సిగ్నల్స్ కలిస్తే −87 అవుతుంది, −180 కాదు. ఆన్సర్ షీట్లలో తరచూ కనిపించే పొరపాటు ఇదే.

2. ఫోన్‌లో గీతలు వదిలేసి అంకెలు చూడండి

ఫోన్ పైన కనిపించే నాలుగు గీతలకి ఏ ప్రమాణమూ లేదు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఒకే బెంచి మీద ఒకే సిమ్ ఒక ఫోన్‌లో మూడు గీతలు, ఇంకో ఫోన్‌లో రెండు చూపిస్తుంది.

డయలర్‌లో *#*#4636#*#* కొడితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోన్ సమాచారం పేజీ వస్తుంది. శాంసంగ్‌లో *#0011# వాడండి. ఐఫోన్‌లో అయితే *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కాలి. ఇవేవీ పనిచేయకపోతే ప్లే స్టోర్‌లో నెట్‌మాన్‌స్టర్ లాంటి ఉచిత యాప్ ఏదైనా వేసుకోండి. లొకేషన్ పర్మిషన్ ఇవ్వకపోతే ఆ యాప్స్‌కి సెల్ వివరాలు కనిపించవు.

కొలిచే ముందు వైఫై ఆపేయండి, రెండో సిమ్ ఆపేయండి, నెట్‌వర్క్‌ని 4జీకి పరిమితం చేయండి. 4636 పేజీలో ఎల్‌టీఈ (అంటే 4జీ) ఓన్లీ అని ఉంటుంది. పని అయ్యాక మళ్లీ పాత సెట్టింగ్ పెట్టుకోవడం మరిచిపోకండి, లేకపోతే కొన్ని చోట్ల కాల్స్ రాక ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు. 5జీతోనే మొదలుపెట్టాలని అనిపిస్తుంది కానీ అక్కడ బీమ్‌లు, రెండు నెట్‌వర్క్‌లు కలిసి పనిచేయడం లాంటి గొడవలు ఉంటాయి. మొదట 4జీ మీదే చేయి తిరగనివ్వండి.

రాసుకోవాల్సినవి ఇవి:

- ఆర్‌ఎస్‌ఆర్‌పీ: టవర్ పంపే రిఫరెన్స్ సిగ్నల్ బలం, ఒక్క సబ్‌క్యారియర్‌కి (బ్యాండ్‌ని సన్నగా కోస్తే వచ్చే ఒక్కో ముక్కకి) సగటున. డీబీఎంలో.
- ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ: ఆ బ్యాండ్‌లో వినిపిస్తున్న మొత్తం పవర్‌తో పోలిస్తే మన సిగ్నల్ వాటా. డీబీలో.
- ఎస్‌ఐఎన్‌ఆర్: సిగ్నల్‌కి, ఇంటర్‌ఫియరెన్స్ (పక్క సెల్స్ గోల) ప్లస్ నాయిస్‌కి నిష్పత్తి. కొన్ని ఫోన్లు చూపించవు.
- పీసీఐ: సెల్‌కి (ఒక టవర్ యాంటెనా కవర్ చేసే ప్రాంతానికి) ఉండే పొట్టి నంబర్. 4జీలో 0 నుంచి 503 దాకా.
- ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్: ఛానెల్ నంబర్.
- సెల్ ఐడీ: దీన్ని 256తో భాగిస్తే పూర్ణాంకం భాగం బేస్ స్టేషన్ నంబర్, శేషం అందులో ఏ సెల్ అనేది.

ఆర్‌ఎస్‌ఆర్‌పీలో "ఒక్క సబ్‌క్యారియర్‌కి" అన్న మాట కింద గీత గీసుకోండి. మొత్తం 20 మెగాహెర్ట్జ్ పవర్ కాదది, 15 కిలోహెర్ట్జ్ ముక్కలో ఉన్న పవర్. తర్వాతి లెక్కలన్నీ దీనిమీదే ఆధారపడతాయి.

3. ఛానెల్ నంబర్ నుంచి ఫ్రీక్వెన్సీ తీయండి

సూత్రం తేలిక: ఫ్రీక్వెన్సీ = బ్యాండ్ దిగువ అంచు + 0.1 × (ఛానెల్ నంబర్ − ఆ బ్యాండ్ మొదటి నంబర్). మన దగ్గర ఎక్కువగా తగిలే బ్యాండ్లు ఇవి:

- బ్యాండ్ 5: మొదటి నంబర్ 2400, దిగువ అంచు 869 మెగాహెర్ట్జ్
- బ్యాండ్ 8: 3450, 925
- బ్యాండ్ 3: 1200, 1805
- బ్యాండ్ 1: 0, 2110
- బ్యాండ్ 40: 38650, 2300

ఫోన్ 1350 చూపిస్తే అది బ్యాండ్ 3. 1805 + 15, అంటే 1820 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం కూడా పక్కనే రాసుకోండి, సుమారు 16.5 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఫోన్ పట్టుకుని బయట గ్రౌండ్ నుంచి హాస్టల్ గదిలోకి, అక్కడి నుంచి మెట్ల కిందకి నడవండి. బయట బ్యాండ్ 40 లేదా బ్యాండ్ 3 మీద ఉన్న ఫోన్, లోపలికి పోయేకొద్దీ బ్యాండ్ 5 లేదా 8కి దిగిపోవడం చాలా చోట్ల కనిపిస్తుంది. "ఎక్కువ ఫ్రీక్వెన్సీని గాలి ఎక్కువ తినేస్తుంది" అని నోట్సుల్లో రాస్తుంటారు. మొబైల్ బ్యాండ్లలో గాలి దాదాపు ఏమీ తినదు. ఫ్రీ స్పేస్ ఫార్ములాలో (మధ్యలో అడ్డేమీ లేనప్పుడు ఎంత పవర్ పోతుందో చెప్పేది) ఫ్రీక్వెన్సీ కనిపించేది రిసీవర్ యాంటెనా వల్ల: ఫ్రీక్వెన్సీ పెరిగితే అదే గెయిన్ (పవర్‌ని ఒక దిక్కుకి కూడగట్టే శక్తి) ఉన్న యాంటెనా చిన్నదవుతుంది, పట్టుకునే వైశాల్యం తగ్గుతుంది. 850కీ 2300కీ మధ్య ఆ ఒక్క కారణంతోనే 8.6 డీబీ తేడా. గోడలు తినేది దాని మీద అదనం.

సరదాగా ఇంకొకటి చేయండి. యాప్‌లో లాగింగ్ ఆన్ చేసి ఫోన్‌ని స్టీలు బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించండి. సిగ్నల్ బాగా పడిపోతుంది కానీ చాలాసార్లు పూర్తిగా పోదు. మూత అంచున ఉన్న సన్నటి సందు చుట్టుకొలత పొడవునా ఉంటుంది కదా, తరంగదైర్ఘ్యంతో పోల్చదగ్గ పొడవున్న సందు లోంచి తరంగం దూరిపోతుంది. సందు వెడల్పు కంటే పొడవు ముఖ్యం.

4. నాయిస్ ఎక్కడుందో లెక్కకట్టండి

నన్నడిగితే ఈ గైడ్‌లో అసలు అడుగు ఇదే. తొందరపడకండి.

గది ఉష్ణోగ్రత దగ్గర థర్మల్ నాయిస్ ఒక హెర్ట్జ్‌కి −174 డీబీఎం. 15 కిలోహెర్ట్జ్‌కి 10 లాగ్(15000), అంటే 41.8 డీబీ కలపండి: −132. ఫోన్ రిసీవర్ తన వంతు నాయిస్ కలుపుతుంది, దాన్ని 7 డీబీ అనుకుందాం. మొత్తం −125 డీబీఎం. ఒక సబ్‌క్యారియర్‌లో మీ ఫోన్‌కి ఉన్న నాయిస్ మట్టం ఇది. 5జీలో సబ్‌క్యారియర్ 30 కిలోహెర్ట్జ్ అయితే 3 డీబీ పెరిగి −122 అవుతుంది.

ఇప్పుడు రెండు చోట్లు ఊహించుకోండి. ఒకటి ఊరి చివర పొలం గట్టు. ఆర్‌ఎస్‌ఆర్‌పీ −115, దరిదాపుల్లో వేరే సెల్ లేదు. రెండోది బస్టాండ్ ఎదురుగా. ఆర్‌ఎస్‌ఆర్‌పీ −85, కానీ అదే ఫ్రీక్వెన్సీలో పక్క సెల్ −87తో వినిపిస్తోంది, అదీ నిండా ట్రాఫిక్‌తో. గీతలు చూస్తే బస్టాండ్‌లో నిండుగా, పొలంలో ఒకటో అరో.

లెక్క చేయండి. పొలంలో −115కీ −125కీ తేడా 10 డీబీ. బస్టాండ్‌లో −85కీ −87కీ తేడా 2 డీబీ. అక్కడ −125 దగ్గరున్న నాయిస్‌ని పట్టించుకునే నాథుడే లేడు. 1948లో షానన్ ఇచ్చిన సూత్రంలో వేయండి: కెపాసిటీ = బ్యాండ్‌విడ్త్ × లాగ్ బేస్ 2 (1 + ఎస్‌ఎన్‌ఆర్). ఎస్‌ఎన్‌ఆర్ అంటే సిగ్నల్‌కి, నాయిస్‌కి నిష్పత్తి; బస్టాండ్‌లో నాయిస్ స్థానంలో పక్క సెల్ గోల. 10 మెగాహెర్ట్జ్‌కి పొలంలో సెకనుకి 34.6 మెగాబిట్లు, బస్టాండ్‌లో 13.7. పైగా ఆ 13.7ని బస్సుకోసం నిలబడ్డ వాళ్లందరూ పంచుకోవాలి. గీతలు నిండుగా ఉన్నా రీల్ ఎందుకు తిరుగుతూ ఉండిపోతుందో ఇక వేరే వివరణ అక్కర్లేదు. మొదటిదాన్ని నాయిస్ లిమిటెడ్, రెండోదాన్ని ఇంటర్‌ఫియరెన్స్ లిమిటెడ్ అంటారు. ఎస్‌ఎన్‌ఆర్‌ని డీబీలోనే సూత్రంలో వేసేయకండి, ముందు మామూలు నిష్పత్తిగా మార్చాలి: 10 డీబీ అంటే 10, 2 డీబీ అంటే 1.585.

దీన్ని కళ్లారా చూడాలంటే ఒక పని చేయండి. హాస్టల్‌లో ఒకే చోట, ఫోన్‌ని టేబుల్ మీద అదే దిక్కులో పెట్టి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఐపీఎల్ మ్యాచ్ నడుస్తుండగా ఒకసారి అంకెలు రాయండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ పెద్దగా కదలదు, ఎందుకంటే రిఫరెన్స్ సిగ్నల్ పవర్ ట్రాఫిక్‌తో మారదు. ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ మాత్రం దిగుతుంది. సెల్ ఖాళీగా, చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే అది −3 నుంచి −6 మధ్య ఉంటుంది. మన సెల్ నిండితే −11 దగ్గరకి వస్తుంది. పక్క సెల్స్ గోల కూడా తోడైతే −15 కిందకి జారుతుంది. −11 ఎక్కడి నుంచి వచ్చిందో మీరే తేల్చండి: ఒక రిసోర్స్ బ్లాక్‌లో (4జీ పంచిపెట్టే చిన్న యూనిట్‌లో) 12 సబ్‌క్యారియర్లు, అన్నీ ఒకే పవర్‌తో నిండితే ఒక్కదాని వాటా పన్నెండో వంతు. 10 లాగ్(1/12) = −10.8.

5. లింక్ బడ్జెట్ చేత్తో వేయండి

పవర్ దారిలో ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్న లెక్కే లింక్ బడ్జెట్. ఇంటి జమాఖర్చు పద్దులా వరసగా రాయండి. 850 మెగాహెర్ట్జ్, 10 మెగాహెర్ట్జ్ వెడల్పు, 30 మీటర్ల ఎత్తు టవర్, 1 కిలోమీటర్ దూరం తీసుకుందాం.

- టవర్ పవర్ 40 వాట్లు: 46 డీబీఎం
- 600 సబ్‌క్యారియర్లకి పంచితే 27.8 డీబీ తగ్గుతుంది: 18.2
- యాంటెనా గెయిన్ 17 కలపండి: 35.2
- కేబుల్, కనెక్టర్లలో 2 పోనివ్వండి: 33.2 డీబీఎం

ఇప్పుడు పాత్ లాస్, అంటే దారిలో పోయే పవర్. ఫ్రీ స్పేస్ సూత్రం 32.44 + 20 లాగ్(దూరం) + 20 లాగ్(ఫ్రీక్వెన్సీ). దూరం కిలోమీటర్లలో, ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లో వేస్తే 91 డీబీ వస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ −58 అని తేలుతుంది. టవర్ నుంచి కిలోమీటర్ దూరంలో, ఊళ్లో, −58 చూసినవాళ్లు ఉండరు. ఎందుకంటే మధ్యలో ఖాళీ లేదు, ఇళ్లున్నాయి.

అందుకే టోక్యో పరిసరాల్లో ఒకుమురా చేసిన కొలతల్ని 1980లో హటా సూత్రంగా మార్చిన మోడల్ వాడతాం. పట్టణానికి: 69.55 + 26.16 లాగ్(ఫ్రీక్వెన్సీ) − 13.82 లాగ్(టవర్ ఎత్తు) + (44.9 − 6.55 లాగ్(టవర్ ఎత్తు)) × లాగ్(దూరం). ఫోన్ ఎత్తు 1.5 మీటర్లు అయితే దాని సవరణ దాదాపు సున్నా. 1 కిలోమీటర్‌కి చివరి పదం సున్నా అయిపోతుంది, మిగిలేది 125.8 డీబీ. ఫ్రీ స్పేస్ కంటే 35 డీబీ ఎక్కువ, అంటే దాదాపు మూడు వేల రెట్లు నష్టం.

33.2 − 125.8 = −92.6 డీబీఎం. నమ్మదగ్గ అంకె. ఇంట్లోకి వెళ్తే గోడలకి 15 డీబీ వేసుకోండి: −107.6. ఇంటి లోపల −120 దాకా సరిపెట్టుకుంటాం అనుకుంటే ఇంకా 12.4 డీబీ చేతిలో ఉంది. పై సూత్రంలో దూరం పదిరెట్లైతే 35.2 డీబీ పోతుంది కాబట్టి 12.4ని 35.2తో భాగించి, 10ని ఆ ఘాతానికి ఎత్తండి: 2.25 కిలోమీటర్లు. ఒక సెల్ ఎంత దూరం పనిచేస్తుందో మీ చేత్తో మీరే లెక్కగట్టారు.

హటా సూత్రం 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్ దాకానే. 2300కి దీన్ని వాడి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. కాస్ట్ 231 అని దీని పొడిగింపు ఉంది, అది కూడా 2000తో ఆగుతుంది.

ఇదంతా టవర్ నుంచి ఫోన్‌కి. తిరుగు దారిలో ఫోన్ దగ్గర ఉన్నది 23 డీబీఎం మాత్రమే, టవర్ కంటే 23 డీబీ తక్కువ. అందుకే దూరంగా ఉన్నప్పుడు అవతలివాళ్ల మాట మనకి వినిపిస్తుంది, మన మాట వాళ్లకి ముక్కలవుతుంది. సిగ్నల్ తక్కువున్న ఊళ్లో బ్యాటరీ గబగబా అయిపోయేదీ ఇందుకే. ఫోన్ పూర్తి పవర్‌తో అరుస్తూ ఉంటుంది.

6. టవర్ నుంచి దూరంగా నడవండి

టెలికాం శాఖ నడిపే తరంగ్ సంచార్ పోర్టల్‌లో చుట్టుపక్కల టవర్లు మ్యాప్ మీద కనిపిస్తాయి. కాలేజీకి దగ్గరలో, తిన్నని రోడ్డు పక్కన ఉన్నదాన్ని ఎంచుకోండి. సరిగ్గా టవర్ కింద మొదలుపెట్టకండి. యాంటెనా బీమ్ మీ తల మీదుగా వెళ్లిపోతుంది, అక్కడి అంకె దేనికీ పనికిరాదు. 200 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 300, 400, 600, 800 దగ్గర ఆగండి. ఒక్కో చోట నాలుగడుగులు అటూ ఇటూ వేస్తూ పదిపన్నెండు రీడింగులు తీసి సగటు రాయండి. పీసీఐ, ఛానెల్ నంబర్ మారితే ఆ రీడింగ్ కొట్టేయండి, అది వేరే సెల్.

అడ్డంగా లాగ్(దూరం), నిలువుగా ఆర్‌ఎస్‌ఆర్‌పీ వేసి గీత గీయండి. ఉదాహరణకి 200 దగ్గర −75, 800 దగ్గర −96 వచ్చాయనుకోండి. 21 డీబీని లాగ్(4), అంటే 0.602తో భాగిస్తే 34.9. దాన్ని పదితో భాగిస్తే 3.5. ఇదే పాత్ లాస్ ఎక్స్‌పోనెంట్. పూర్తిగా ఖాళీ అయితే 2, ఊళ్లో అయితే 3 నుంచి 4 మధ్య వస్తుంది. మీకు 1.2 వచ్చిందంటే ఏదో సెల్ మారిపోయింది, లేదా బీమ్ కింద కొలిచారు.

చుక్కలు గీత మీద కూర్చోవు. ఒకటి 5 డీబీ పైన, ఇంకొకటి 8 కింద ఉంటాయి. దాన్ని పొరపాటని చెరిపేయకండి. నీళ్ల ట్యాంక్ వెనక, అపార్ట్‌మెంట్ పక్కన పడే నీడ అది. దానికే షాడోయింగ్ అని పేరు. గీత నుంచి చుక్కల తేడాలకి స్టాండర్డ్ డీవియేషన్ కట్టండి. సిలబస్‌లో "లాగ్ నార్మల్, సిగ్మా 8 డీబీ" అని ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

7. ఫేడింగ్‌ని ఎఫ్‌ఎం రేడియోలో వినండి

మల్టీపాత్ ఫేడింగ్ (వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసి సిగ్నల్ ఎగుడుదిగుడవడం) చూద్దామని ఫోన్‌ని 8 సెంటీమీటర్లు జరిపి ఆర్‌ఎస్‌ఆర్‌పీ చూస్తే నిరాశే. రెండు మూడు డీబీలు కదిలి ఊరుకుంటుంది. ఫోన్ దాన్ని మొత్తం బ్యాండ్‌విడ్త్ మీదా, కొంత సమయం మీదా సగటు చేసి చూపిస్తుంది, లోతైన గుంతలు ఆ సగటులో పూడిపోతాయి.

ఎఫ్‌ఎం మాత్రం దాచుకోదు. హైదరాబాద్ వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 2.9 మీటర్లు. కారులో వెళ్తూ ఎత్తైన బిల్డింగుల మధ్య రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాట మధ్యలో బుస్సుమంటుంది. ముందు కారు కదిలి మీరు మీటరు లోపు జరగగానే మళ్లీ శుభ్రంగా వస్తుంది. స్టేషన్ పవర్ మారలేదు, దూరం మారలేదు. వేర్వేరు గోడల మీద తగిలి వచ్చిన తరంగాలు ఒక చోట ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, సుమారు పావు తరంగదైర్ఘ్యం అవతల కలిసొచ్చాయి, సగం తరంగదైర్ఘ్యం దగ్గర మళ్లీ కొట్టేసుకుంటాయి. 1820 మెగాహెర్ట్జ్‌లో ఇదే తంతు 8 సెంటీమీటర్లకి ఒకసారి జరుగుతుంది.

గోడల నుంచి వచ్చే కాపీలు ఆలస్యంగా కూడా వస్తాయి. 4జీలో ప్రతి సింబల్ (ఒక విడతలో పంపే సిగ్నల్ ముక్క) ముందూ 4.7 మైక్రోసెకన్ల సైక్లిక్ ప్రిఫిక్స్ (ఆ ముక్క చివరి భాగానికే కాపీ) పెట్టింది అందుకే. కాంతి వేగంతో గుణిస్తే 1.4 కిలోమీటర్లు. అంత అదనపు దూరం తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని కూడా తట్టుకోగలదు.

8. బస్సెక్కి హ్యాండోవర్ చూడండి

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే లాంటి దారి దీనికి బాగుంటుంది, టవర్ల వరస రోడ్డు పక్కనే సాగుతుంది. లాగింగ్ పెట్టి, ఒక పెద్ద ఫైల్ డౌన్‌లోడ్‌లో ఉంచండి. ఇది తప్పనిసరి. డేటా నడవకపోతే ఫోన్ తనంతట తాను సెల్ ఎంచుకుంటుంది, దాన్ని రీసెలెక్షన్ అంటారు. డేటా లేదా కాల్ నడుస్తుండగా నెట్‌వర్క్ నిర్ణయించి మార్చేదే హ్యాండోవర్. వైవాలో ఈ తేడా అడుగుతారు.

పీసీఐ మారిన ప్రతిచోటా పాత సెల్, కొత్త సెల్ ఆర్‌ఎస్‌ఆర్‌పీ చూడండి. కొత్తది సమానం కాగానే మారదు, రెండు మూడు డీబీలు మించి, కాసేపు అలాగే నిలబడ్డాకే మారుతుంది. ఆ రెండు మూడు డీబీలే హిస్టరిసిస్, ఆ కాసేపే టైమ్ టు ట్రిగ్గర్. ఈ రెండూ లేకపోతే రెండు సెల్స్ సరిహద్దులో ఫోన్ అటూ ఇటూ గంతులేస్తూ ఉంటుంది.

కొన్ని ఫోన్లు టైమింగ్ అడ్వాన్స్ (దూరాన్ని బట్టి ఫోన్ ఎంత ముందుగా పంపాలో చెప్పే అంకె) కూడా చూపిస్తాయి. 4జీలో ఒక్కో మెట్టు సుమారు 78 మీటర్లు. 6 అని ఉంటే టవర్ దాదాపు 470 మీటర్ల దూరంలో ఉందన్నమాట.

డాప్లర్‌కి, అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ జరగడానికి, బస్సు వేగం చాలు. గంటకి 80 కిలోమీటర్లు అంటే సెకనుకి 22.2 మీటర్లు. 1820 మెగాహెర్ట్జ్‌కి గరిష్ఠంగా 135 హెర్ట్జ్ జరుగుతుంది. 15 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ దూరంతో పోలిస్తే ఒక శాతం కూడా లేదు. సబ్‌క్యారియర్లని ఇంకా దగ్గరగా ఎందుకు పేర్చలేదన్న ప్రశ్నకి సగం జవాబు ఇందులో ఉంది.

9. ఇప్పుడు షట్కోణాలు, పట్టిక

ఫ్రీక్వెన్సీ రీయూజ్ (అదే ఫ్రీక్వెన్సీని దూరపు సెల్‌లో మళ్లీ వాడడం) లెక్క మనకి పరీక్షల్లో తప్పకుండా తగిలేదే. క్లస్టర్ సైజు, అంటే ఫ్రీక్వెన్సీలన్నీ తమలో పంచుకునే సెల్స్ సంఖ్య, 7 అయితే రీయూజ్ నిష్పత్తి (ఒకే ఫ్రీక్వెన్సీ వాడే సెల్స్ మధ్య దూరాన్ని సెల్ వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది) √(3 × 7) = 4.58. ఎక్స్‌పోనెంట్ 4 తీసుకుని, చుట్టూ ఆరు ఇంటర్‌ఫియరర్లు అనుకుంటే 4.58ని నాలుగో ఘాతానికి ఎత్తి 6తో భాగించండి: 73.5, అంటే 18.7 డీబీ. అమెరికాలో వచ్చిన మొదటి తరం అనలాగ్ సెల్యులర్‌కి 18 డీబీ కావాల్సి వచ్చింది కాబట్టి 7 సరిపోయింది. 4జీలో క్లస్టర్ సైజు 1, ప్రతి సెల్‌లోనూ అదే ఫ్రీక్వెన్సీ. బస్టాండ్ దగ్గర 2 డీబీ వచ్చింది అందుకే. దాన్ని భరించగలిగే మాడ్యులేషన్, కోడింగ్ ఉన్నాయి కాబట్టి ఆ పని చేశారు.

తరాల పట్టికకి పది నిమిషాలు చాలు. 2జీలో 200 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ని ఎనిమిది టైమ్ స్లాట్లుగా పంచారు. 3జీలో 5 మెగాహెర్ట్జ్‌ని కోడ్‌లతో పంచారు. 4జీలో సబ్‌క్యారియర్లతో, 20 మెగాహెర్ట్జ్ దాకా. 5జీలో 3.5 గిగాహెర్ట్జ్ చుట్టూ ఒక్క క్యారియరే 100 మెగాహెర్ట్జ్ దాకా ఉండొచ్చు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న అప్పటి కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి చేశారు. 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. తారీఖులు ఇవి చాలు.

10. సిమ్యులేషన్‌తో సరిచూసుకోండి

పైథాన్‌లో బీపీఎస్‌కే (ఒక్కో బిట్‌ని ప్లస్ లేదా మైనస్‌గా పంపే తేలికైన మాడ్యులేషన్) రాయండి. ప్లస్ 1, మైనస్ 1 బిట్లు, వాటికి గాసియన్ నాయిస్. బిట్ ఎనర్జీకి, నాయిస్ డెన్సిటీకి నిష్పత్తి 10 డీబీ పెట్టండి. నాయిస్ స్టాండర్డ్ డీవియేషన్ 0.2236 రావాలి. బిట్ ఎర్రర్ రేట్ సిద్ధాంతం ప్రకారం పది లక్షల బిట్లకి సుమారు నాలుగు తప్పులు. లక్ష బిట్లు పంపి సున్నా వచ్చిందని సంబరపడకండి. నమ్మకమైన అంకెకి కనీసం వంద తప్పులైనా పడాలి, అంటే ఇక్కడ 2.6 కోట్ల బిట్లు పంపాలి. లూప్ రాస్తే తెల్లారిపోతుంది, నమ్‌పై అర్రేలతో ముక్కలు ముక్కలుగా చేయండి.

ఇప్పుడు ప్రతి బిట్‌నీ ఒక కాంప్లెక్స్ గాసియన్ సంఖ్యతో గుణించి, ఆ తర్వాత నాయిస్ కలపండి. ఇది రేలీ ఫేడింగ్. ఈసారి నాయిస్ కూడా కాంప్లెక్స్‌గా ఉండాలి, రెండు భాగాలకీ అదే 0.2236. రిసీవర్‌కి ఛానెల్ తెలుసు అనుకుని దాని ఫేజ్ తీసేయండి. అదే 10 డీబీ సగటు దగ్గర ఎర్రర్ రేట్ 0.0233 రావాలి. లక్ష బిట్లలో 2,330 తప్పులు. మీకు 0.012 వస్తోందంటే ఛానెల్ సంఖ్యని రూట్ 2తో భాగించడం మరిచిపోయారు, తెలియకుండానే 3 డీబీ ఎక్కువ పవర్ ఇచ్చారు. ఫేడింగ్ లేకుండా పది లక్షలకి పది తప్పులు రావడానికి 9.6 డీబీ సరిపోతుంది, రేలీలో అదే కావాలంటే 44 డీబీ ఉండాలి. ఇంత పవర్ ఏ టవరూ ఇవ్వలేదు.

చివరగా అదే బిట్‌ని రెండు వేర్వేరు రేలీ ఛానెల్స్ ద్వారా అందుకుని, ప్రతిసారీ రెండిట్లో బలమైనదాన్ని ఎంచుకునేలా కోడ్ మార్చండి. 0.0233 ఉన్నది 0.003కి పడిపోతుంది. టవర్ పవర్ ఒక్క డీబీ కూడా పెంచలేదు. 4జీ ఫోన్లలో మామూలుగా రెండు రిసీవ్ యాంటెనాలు పెట్టడానికి ఒక పెద్ద కారణం ఇదే.